పడమటి నుంచి వచ్చిన రోగులు

దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్నంలో వెస్ట్ ఎండ్ ఆసుపత్రి అంటే అప్పట్లో క్షయ ఆసుపత్రి. 1950లలో అక్కడి సూపరింటెండెంటు డాక్టర్ స్లెగ్స్‌కి ఒక చిక్కు ఎదురైంది. ఊపిరితిత్తుల పొరలో నీరు చేరి వచ్చినవాళ్లలో కొందరు క్షయ మందులకు తేరుకుంటుంటే, మరికొందరికి ఎన్నాళ్లు వాడినా గుణం కనిపించడం లేదు. వాళ్లంతా ఏ ఊరివాళ్లని చూస్తే, దాదాపు అందరూ కింబర్లీకి పడమటివాళ్లే. నీలం రాతినార (ఆస్‌బెస్టాస్) తవ్విన కొండలు అటువైపే ఉన్నాయి. మన కడప జిల్లా పులివెందుల దగ్గర తవ్విన తెల్ల రాతినారకు ఇది దూరపు చుట్టమే కానీ, దీని పోగులు తిన్నగా, సూదుల్లా ఉంటాయి. రెండూ క్యాన్సర్ తెచ్చేవే.

జొహన్నెస్‌బర్గ్‌లో పాథాలజిస్టు క్రిస్ వాగ్నర్ 1956లో ఒక బంగారు గని కార్మికుడికి శవపరీక్ష చేశాడు. క్షయ ఉందనుకున్న ఆ మనిషి ఛాతీలో జిగురులాంటి పెద్ద కణితి. ఊపిరితిత్తి ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే, చుట్టూ ఇనుము పేరుకున్న సన్నటి రాతినార పోగులు కనిపించాయి. ఆ కణితి మీసోథీలియోమా, అంటే ఊపిరితిత్తుల పొరకు వచ్చే క్యాన్సర్. అసలు అలాంటి జబ్బు ఉందా అని చాలామంది పాథాలజిస్టులే అనుమానించే రోజులవి.

ఈ రెండు జాడలను కలిపి చూసేందుకు వాగ్నర్, స్లెగ్స్, సర్జన్ మార్చాండ్ కలిసి పనిచేశారు. రోగి ఇప్పుడేం చేస్తున్నాడన్నది చాలదు, ఎక్కడ పుట్టాడో, చిన్నప్పుడు ఎక్కడ ఆడుకున్నాడో తెలియాలి. ఎందుకంటే పోగు లోపలికి వెళ్లాక జబ్బు బయటపడేందుకు 20 నుంచి 40 ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. 1960లో వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో 33 మంది రోగులున్నారు. 32 మందికి రాతినార తగిలిన జాడ ఉంది. గనిలో దిగనివాళ్లు, ఇల్లు చూసుకున్న ఆడవాళ్లు, పశువులు కాసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ గని ఊళ్లలో పిల్లలు ఆడుకున్న గుట్టలు గనుల నుంచి పారబోసిన రాతినార గుట్టలే. నన్ను కలచివేసేది ఇదే.

1965లో పరిశోధకులు న్యూహౌస్, థాంప్సన్ లండన్‌లో ఇవే ప్రశ్నలు వేశారు. అక్కడి జాడలు ఒక రాతినార ఫ్యాక్టరీ చుట్టూ తేలాయి. పనిలోగానీ ఇంట్లోగానీ రాతినారతో సంబంధం లేని 36 మంది రోగుల్లో 11 మంది ఫ్యాక్టరీకి అరమైలు లోపల బతికినవాళ్లు. ఇంట్లో సోకినవాళ్లలో, పని నుంచి వచ్చిన భర్త దుమ్ము బట్టలు దులిపి ఉతికిన భార్యలున్నారు.