బర్రె లోను

పోయిన ఏడాది కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు నన్ను మాట్లాడటానికి పిలిచారు. విద్యార్థుల్లో సొంతంగా వ్యాపారం, పరిశ్రమ పెట్టే సంస్కృతిని ఎలా పెంచాలన్నది ఆ రోజు విషయం. ఇప్పుడు చాలా కాలేజీల్లో ఇలాంటి సభలు జరుగుతున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2018లో కాలేజీలకు ఇన్నోవేషన్ కౌన్సిళ్లు పెట్టమంది. 2019లో విద్యార్థులకూ అధ్యాపకులకూ కలిపి ఒక స్టార్టప్ విధానం తెచ్చింది. హైదరాబాద్‌లో 2015లో టీ-హబ్, 2018 మార్చి 8న ఆడవాళ్ల కోసమే వీ-హబ్ వచ్చాయి. నేనూ వీటి గురించే నాలుగు మాటలు రాసుకుని వెళ్లాను.

నాకంటే ముందు మాట్లాడిన శిక్షకుడు, ‘మన ఆడపిల్లల్లో తెలివికి లోటు లేదు, తెగువకే లోటు’ అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆడపిల్లలు కూడా కొట్టారు. సభ అయ్యాక మెట్ల దగ్గర ఒక అమ్మాయి నన్ను ఆపి, ‘రిస్క్ తీసుకోమంటున్నరు కద మేడమ్, ఎవరి పైసలతోటి తీసుకోవాలె? మా నాన్నకు రెండెకరాలుంది. తమ్ముడు ఏమన్న పెడతానంటే అది బ్యాంకుల పెడతడు. నాకైతే అది పెళ్లికని దాచిండు’ అంది. నేను ఏదో సర్ది చెప్పి బస్సెక్కాను. సూర్యాపేట దాటినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆమెకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

తెగువ అనేది మనిషి మనసులో ఉండే గుణమనీ, లేకపోతే శిక్షణ ఇచ్చి తెప్పించవచ్చుననీ చెప్పే సిద్ధాంతానికి మన నేల మీద ఒక చరిత్ర ఉంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ 1961లో ఒక పుస్తకం రాశాడు. ఏదైనా సాధించాలన్న తపన ఉన్న మనుషులు ఎక్కువగా ఉన్న సమాజాలే ఆర్థికంగా ఎదుగుతాయన్నది అందులోని సారాంశం. ఆ తపనను కొలవడానికి ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు. కథలో సాధన గురించిన ఆలోచన ఎంత ఉందో లెక్కగడతారు. ఆ తపనను నేర్పవచ్చా అని పరీక్షించడానికి 1964లో ఆయన ఎంచుకున్న ఊరు మన కాకినాడ. హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఇందులో భాగస్వామి. ఈనాడు ని-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్నది ఆ సంస్థే. కాకినాడ వ్యాపారస్తులకు కొద్ది రోజులపాటు శిక్షణ ఇచ్చి, తర్వాత వాళ్ల వ్యాపారాలు ఎలా సాగాయో చూశారు. శిక్షణ పొందినవాళ్లు ఎక్కువ చురుకుగా కొత్త పనులు మొదలుపెట్టారని 1969లో వచ్చిన పుస్తకం చెప్పింది. మన దేశంలో పారిశ్రామిక శిక్షణ తరగతుల మీద ఆ ప్రయోగం ప్రభావం చాలా కాలం ఉంది. కోదాడ శిక్షకుడి మాటలోనూ దాని ఛాయ ఉంది.

ఆ ప్రయోగంలో మనకు కనిపించేది మగవాళ్లు. అప్పటికే దుకాణమో, మిల్లో, పెట్టుబడో ఉన్న మగవాళ్లు. ఆడవాళ్ల కథలు ఈ కొలతకు మగవాళ్ల కథల్లాగా లొంగలేదు కాబట్టి సిద్ధాంతం ప్రధానంగా మగవాళ్ల మీదే నిలబడింది. 1968లో అమెరికాలో మటీనా హార్నర్ అనే పరిశోధకురాలు ఈ చిక్కును పట్టుకుంది. వైద్య కళాశాలలో మొదటి స్థానంలో నిలిచిన ఆన్ అనే అమ్మాయి గురించి కథ రాయమంటే, చాలామంది అమ్మాయిలు ఆన్‌కు ఏదో కీడు జరిగినట్టు రాశారు. హార్నర్ దీనికి ‘విజయ భయం’ అని పేరు పెట్టింది. ఆ తర్వాత వచ్చిన స్త్రీవాదులు దాన్నీ ప్రశ్నించారు. గెలిచిన ఆడదాన్ని లోకం ఏం చేస్తుందో ఆ అమ్మాయిలకు బాగా తెలుసుననీ, వాళ్లు రాసింది ఆ తెలివిడేననీ అన్నారు. కోదాడ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా అలాంటి తెలివిడే.

కాకినాడలో తపన గురించి పాఠాలు నడుస్తున్న ఆ రోజుల్లోనే మా నల్గొండ జిల్లాలో నాగార్జునసాగర్ కట్టుబడి నడుస్తోంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట భూములు మాగాణి అయ్యాయి. వరి వచ్చింది. వరి వెనకాలే మిల్లులు వచ్చాయి. ఇవాళ మిర్యాలగూడ పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేవి రైస్ మిల్లులే. మిల్లుల లాభం సినిమా హాళ్లలోకీ, కాంట్రాక్టుల్లోకీ, తర్వాత కాలేజీల్లోకీ పాకింది. అదే కాలువ తుంగతుర్తి వైపు మెట్టకు రాలేదు. అక్కడి మనుషులకు తపన లేకనా? మా ప్రాంతంలో వ్యాపార దక్షత కాలువ గట్టు వెంబడి మొలిచింది. నీళ్లు పారిన భూమికి పట్టాదారు ఎవరో, వాళ్లకే తెగువ కూడా వచ్చింది.

మిల్లు వచ్చిన ఊళ్లో రోకలి ఆగిపోయింది. వడ్లు దంచడం మా అమ్మమ్మ తరం ఆడవాళ్లకు ఇంటిపనే కాదు, బతుకుతెరువు కూడా. కలిగినవాళ్ల ఇళ్లల్లో దంచి కూలికి బియ్యమో, నూకలో, తవుడో తెచ్చుకునేవాళ్లు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 1958 నాటి బియ్యం మిల్లుల చట్టం ప్రకారం కొత్త మిల్లుకు అనుమతి ఇచ్చేముందు దానివల్ల ఆ ప్రాంతంలో ఎంతమందికి పని పోతుందో కూడా చూడాలి. 1997లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. అప్పటికి దంచేవాళ్లు ఎక్కడా మిగల్లేదు. మా అమ్మమ్మ రోకలి పట్టింది. మా అమ్మ ఎండాకాలం మిల్లు కళ్లంలో వడ్లు ఎండబోసి, పారతో తిరగేసి, ఊడ్చింది. అవే వడ్లు. మిల్లు పెట్టినవాళ్ల గురించి రాసేటప్పుడు సాహసం అంటాం. మా అమ్మ చేసినదాన్ని కూలి అంటాం.

తెగువ మాటకొస్తే సూర్యాపేట వైపు చరిత్ర ఇంకో సంగతి చెబుతుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో ఆ పల్లెల ఆడవాళ్లు సంఘాలు కట్టారు, దళాలకు అన్నం మోశారు, తుపాకీ పట్టారు. దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం ఆ ప్రాంతపు మనిషే. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది. 2022లో చనిపోయింది. కానీ పోరాటం ఆగిపోయాక చాలామంది ఆడవాళ్లను ఇళ్లకు వెళ్లమన్నారు. సంఘం నడిపిన అనుభవం, లెక్కలు చూసిన అనుభవం, మనుషులను కూడగట్టిన అనుభవం అన్నీ పొయ్యి దగ్గర ఆగాయి. 1986లో స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా ఆ మాటలు పుస్తకంలోకి ఎక్కలేదు. ఆడవాళ్ల నైపుణ్యాన్ని అవసరానికి వాడుకుని తర్వాత మర్చిపోవడం సంస్థలకు కొత్త కాదు. అది ప్రభుత్వమైనా, పార్టీ అయినా, కాలేజీ అయినా.

1982లో డ్వాక్రా మొదలైంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా ఉద్యమం లేచింది. ఆ వేడిలోనే పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. 2000 నుంచి ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు పథకం నడిచింది. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది. గ్రామీణ మహిళను పారిశ్రామికవేత్తను చేస్తామన్న మాట అప్పటిది.

మా అమ్మ సంఘంలో ఉండేది. 1999లో ఆమె లోను తీసుకుంది. కాగితంలో ‘పాడి పశువు’ అని రాశారు. ఇటీవల ఆ పాత పాస్‌బుక్కు దొరికితే బర్రె సంగతి అడిగాను.

‘బర్రె ఏడిదే! నీ ఫీజుకు, హాస్టలుకు కట్టిన. సారొచ్చి బర్రెను చూపియ్యమంటే పక్కింటోళ్లదాన్ని తెచ్చి దొడ్ల కట్టేసిన. గదే బర్రె ఇంకో ఇద్దరి దొడ్లల్ల గూడ నిలవడ్డది’ అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నా ఎంఏ ఆ బర్రె. ఆ అప్పును మా అమ్మ నాట్లకూ కలుపుకూ పోయి, మిల్లు కళ్లంలో ఊడ్చి, వారం వారం తీర్చింది. ప్రభుత్వ లెక్కల్లో ఆమె పాడి పరిశ్రమ నడిపిన మహిళ. ఆ పరిశ్రమ ఎప్పుడూ లేదు. కానీ ఆమె నిజంగా పెట్టిన పెట్టుబడిని, అంటే ఒక ఆడపిల్ల పై చదువును, రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఆ లోనుకు తాకట్టు ఏమిటి? మగవాడు అప్పుకు పోతే భూమి పెడతాడు, ఇల్లు పెడతాడు. ఉమ్మడి రాష్ట్రంలో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1986లోనే వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. మా అమ్మకు అప్పటికే పెళ్లయింది. 2005లో దేశమంతటికీ హక్కు వచ్చినా, అన్నదమ్ములతో తగువెందుకని వదులుకున్న ఆడవాళ్లు నా చుట్టూ ఎంతమందో. భూమి లేని ఆడదానికి తాకట్టు తోటి ఆడవాళ్లే. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు గడప దగ్గర కూర్చోవాలి. ఈ పద్ధతినే లాభానికి వాడుకుంటే ఏమవుతుందో 2010లో చూశాం. సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ల వార్తలు వచ్చాక, ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అంత రిస్కు నెత్తిన పెట్టుకుని బతికిన ఆడవాళ్ల బిడ్డలకు ఈనాడు రిస్కు గురించి పాఠం చెబుతున్నాం.

సంఘాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. బ్యాంకు గడప తొక్కడం, సంతకం చేయడం, ఆఫీసరును నిలదీయడం మా అమ్మ అక్కడే నేర్చుకుంది. మా జిల్లా ఊళ్లల్లో వడ్ల కొనుగోలు కేంద్రాలను సంఘాల ఆడవాళ్లు నడుపుతున్నారు. తేమ చూసి, తూకం వేసి, బస్తాలు లెక్కగట్టి లారీ ఎక్కిస్తున్నారు. ఆ లారీ వెళ్లేది మిల్లుకు. మిల్లు యజమానుల్లో ఆడవాళ్లెంతమంది అన్నది ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. 2025 మార్చిలో మహిళా సంఘాలు కొన్న బస్సులను ఆర్టీసీ అద్దెకు తీసుకోవడం మొదలైంది. ఆస్తి ఆడవాళ్ల చేతికి రావడం మంచిదే. అది పేరుకేనా, లెక్కల పుస్తకం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుందా అన్నది గమనిస్తూ ఉండాలి.

కాలేజీలు నిజంగా ఆ సంస్కృతిని పెంచాలనుకుంటే ముందు తెగువను కొలవడం ఆపాలి. ఆడపిల్ల ఓడిపోతే ఆ నష్టం ఎవరు మోస్తారో అడగాలి. సాయంత్రం ఆరు తర్వాత ల్యాబు తెరిచి ఉంటే ఆమె ఊరికి బస్సు ఉందో లేదో అడగాలి. తండ్రి పొలంలో ఆమెకు వాటా ఉందని చట్టాన్ని పాఠంగా చెప్పాలి. ఒకసారి ఓడినా మళ్లీ మొదలుపెట్టుకోగల వీలు అబ్బాయికి ఇల్లే ఇస్తుంది. అమ్మాయికి దాన్ని సంస్థ ఇవ్వాలి. ఆ అమ్మాయికి మెట్ల దగ్గర నేను చెప్పవలసింది ఇదే. నీకు లోటున్నది తెగువకు కాదు తల్లీ, ఆ రెండెకరాల్లో నీ వాటాకు.

కోదాడ సభ సంగతి అమ్మకు చెప్పాను. శిక్షకుడి మాట కూడా చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తకుండానే, ‘ఆ సారు ఎన్నడన్న బర్రె లేకుంట బర్రె లోను కట్టిండా?’ అంది.