పాలంపేట నోటుబుక్కు

ఓరుగల్లు పిల్లలకు చరిత్ర పాఠానికీ విహారయాత్రకూ పెద్ద తేడా ఉండదు. వేరే ఊళ్ల పిల్లలు పుస్తకంలో చదివి పరీక్ష రాసే కాకతీయులను మనం ఆదివారం పూట సద్ది కట్టుకుని పోయి చూసి వచ్చేవాళ్లం. స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంఘం వాళ్లు అడిగితే, రాజుల వరుస మళ్లీ అప్పజెప్పడం ఎందుకనిపించింది. మన బడి పిల్లలు ఆ చోట్లకు ఎట్లా పోయేవాళ్లో, ఎవరు పోలేకపోయేవాళ్లో రాస్తాను. అది కూడా చరిత్రే.

మాది 1975-76 పదో తరగతి. అప్పటి యాత్రలు మూడు రకాలు: నడిచి పోయేవి, బస్సులో పోయేవి, రైల్లో పోయేవి. రైలు యాత్ర అంటే కాజీపేటలో ఎక్కి హైదరాబాదు పోవడం. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ. అది ఉన్నవాళ్ల పిల్లలకు. దాని గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

నడిచి పోయే చోట్లకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. వేయిస్తంభాల గుడికి పోయినప్పుడల్లా స్తంభాలు లెక్కబెట్టడం మన ఆట. ఎవరికీ వెయ్యి వచ్చేవి కావు, ఒకరి లెక్క ఇంకొకరితో కలిసేది కాదు. మా సోషల్ సారు మాత్రం మమ్మల్ని శాసనం దగ్గరికి లాక్కుపోయేవారు. 1163లో రుద్రదేవుడు వేయించిన శాసనం అది. శివుడికి, కేశవుడికి, సూర్యుడికి ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్లు కట్టించిన సంగతి అందులో ఉంది. ఎదురుగా ఉన్న కల్యాణ మండపం మెట్ల మీదే మా బ్యాచ్ ఫొటో దిగింది. ఆ మండపాన్ని పునాది సరిచేయడానికి 2006లో రాయి రాయీ విప్పి పక్కన పేర్చారు. తిరిగి నిలబెట్టి తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది. ఆ పద్దెనిమిదేళ్లలో మన బడిలో చదివిన పిల్లలు దాన్ని రాళ్ల కుప్పగానే చూశారు. మా ఫొటోలో ఉన్నవాళ్లలో ఇద్దరు అది లేచి నిలబడేదాకా లేరు.

పద్మాక్షి గుట్టకు ఆడపిల్లలం బతుకమ్మలతో పోయేవాళ్లం. గుట్ట కింది గుండంలో బతుకమ్మను వదిలి, సత్తుపిండి పంచుకుని, చీకటి పడేలోపు ఇంటికి చేరాలి. పైన బండకు చెక్కిన జైన విగ్రహాలను చూసి ఏ దేవుళ్లో అనుకునేవాళ్లం. అక్కడ 1117 నాటి శాసనం ఉందనీ, ఆ బసదిని కట్టించింది కాకతి ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ అనీ నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. బడిలో ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బతుకమ్మ ఆడేటప్పుడు గుట్ట వైపు ఇంకో రకంగా చూసేదాన్ని.

ఖిల్లాకు పోవడమంటే నాకు చుట్టాలింటికి పోవడమే. మా మేనత్త ఇల్లు మట్టికోట లోపలే. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఆ కోటను రుద్రమదేవి పూర్తి చేసిందని పాఠంలో ఉండేది. మా అత్తకు మాత్రం తోరణాల నడుమ బర్రెలు పోకుండా చూసుకోవడం ముఖ్యం. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు కోటను పట్టుకున్నాక నడుమ ఉన్న స్వయంభూ దేవుడి గుడి కూలింది, నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు మిగిలాయి. ఆ ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ సుల్తాను అయ్యాడు. గుడి పోయి గుమ్మాలు మిగలడం నాకు ఎప్పుడూ వింతే.

ఇక బస్సు యాత్ర. పాకాల, లక్నవరం, రామప్ప. సంక్రాంతి సెలవుల తర్వాత ఏదో ఒకటి ఉండేది. పదో తరగతిలో మాకు రామప్ప వచ్చింది. క్లాసులో పదకొండు మంది ఆడపిల్లలం, పోయింది ముగ్గురు. మా బాపు ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. సారు స్వయంగా ఇంటికి వచ్చి అడిగారు. బాపు ఆయనకు మంచం వాల్చి, చాయ్ పోయించి, "సారూ, మీ మీద నమ్మకం లేక కాదు. రాత్రి ఏ యాళ్లకొస్తరో. వాడకట్టుల మాట పడుతది" అన్నాడు. సారు వాదించలేదు. చాయ్ తాగి లేచారు.

యాత్ర అయిన సోమవారం ఆయన ఒక వంద పేజీల నోటుబుక్కు తెచ్చి, పోయి వచ్చిన ప్రతి ఒక్కరూ అందులో ఒక పేజీ రాయాలన్నారు. "రాని వాళ్ల కోసం రాయండి, నా కోసం కాదు" అన్నారు. వారం రోజుల్లో అది నిండింది. మేం ఎనిమిది మందిమీ దాన్ని వంతులవారీగా ఇంటికి తీసుకుపోయి చదివాం. నేను రామప్పను మొదట చూసింది అందులోనే.

ఎంత బాగుండేదో ఆ పుస్తకం! ఒకడు గుడి చుట్టూ ఏనుగుల వరుస లెక్కబెట్టబోయి మధ్యలో వదిలేశాడు. ఒకడు శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలుతాయని రాశాడు. ఇంకొకడు పేజీ అంతా పులిహోర గురించి, సర్వపిండి గురించి, అడుగున మిగిలిన సకినాల పొడి గురించి రాసి, చివర "గుడి కూడా బాగుంది" అన్నాడు. పోయిన ముగ్గురు ఆడపిల్లల్లో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న రాతి బొమ్మను పెన్సిలుతో గీసింది. దాదాపు అందరూ రాసిన మాట ఒకటుంది: రామప్ప అనే శిల్పి నలభై ఏళ్లు కష్టపడి కట్టాడు కాబట్టి గుడికి ఆయన పేరు వచ్చింది.

ఈ చివరి మాట గురించి కొంచెం ఆగాలి. పాలంపేట గుడి ఆవరణలో ఒక చిన్న మండపంలో శాసనం ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రుద్రేశ్వరుణ్ని ప్రతిష్ఠించినట్టు అది చెబుతుంది. గణపతిదేవుడు యాదవుల చెరలో ఉన్న కాలంలో రాజ్యాన్ని నిలబెట్టినవాడు ఈ రుద్రుడే. గుడితో పాటు చెరువు కూడా ఆయనదే, దాని కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. శిల్పి పేరు మాత్రం శాసనంలో లేదు. రామప్ప అన్న పేరు జనం నోట నిలిచింది. రాయించగలిగిన స్తోమత ఉన్నవాడి పేరు రాతి మీద ఉంది, చేతులతో చెక్కినవాడిదని జనం అనుకున్న పేరు నోట ఉంది. రెండింట్లో ఒకదాన్ని కొట్టేయమంటే నేను ఒప్పుకోను. అయితే ఏది శాసనమో ఏది నోటిమాటో పిల్లలకు విడదీసి చెప్పాలి. ఇప్పుడు గైడ్లు రెండింటినీ కలిపేస్తున్నారు.

నేను రామప్ప గుడిని కళ్లారా చూసింది 1988లో. ములుగు దాకా ఆర్టీసీ బస్సు, అక్కణ్నుంచి జీపు. మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. నటరాజ రామకృష్ణ గారు 1985 శివరాత్రికి ఆ గుడిలో పేరిణి ఆడించిన ముచ్చట అప్పటికింకా జనం చెప్పుకుంటున్నారు. జాయప సేనాని నృత్తరత్నావళిలోని పద్ధతులను ఈ గుడి శిల్పాలతో పోల్చి చూసి ఆయన ఆ నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. నేల అక్కడక్కడ కుంగి ఉంది. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద కట్టారట, అందుకే బరువు సర్దుకుంటుందట. నోటుబుక్కులో ఈ సంగతి ఎవరూ రాయలేదు. చెప్పుల బొమ్మ మాత్రం మా స్నేహితురాలు గీసినట్టే ఉంది. నల్లరాయి అద్దంలా మెరుస్తుందని పెన్సిలు చెప్పలేకపోయింది, అంతే. అమ్మ మెడ పైకెత్తి మదనికలను ఒక్కొక్కటే చూసి, "రాళ్లల్ల ఆడోళ్లు మస్తుమంది ఉన్నరు బిడ్డా. చూడొచ్చినోళ్లల్లనే లేరు" అంది.

2021 జూలై 25న రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మరుసటేడు జనవరిలో, ఆనాడు పోలేని ఎనిమిది మందిలో ఆరుగురం ఒక టెంపో మాట్లాడుకుని పోయాం. అందరం అమ్మమ్మలమో నాయనమ్మలమో అయినవాళ్లమే. ఒకామెకు మోకాళ్లు, ఒకామెకు షుగరు. సర్వపిండి మాత్రం తప్పనిసరి. గర్భగుడి వాకిట వేణుగోపాలుడి బొమ్మను మీటితే స్వరాలు పలుకుతాయని నోటుబుక్కులో చదివిన మాట ఒకామె అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పింది. నలభై ఆరేళ్లయినా! తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. వాడకట్టులో ఎవరూ ఏమీ అనలేదు, అడిగేవాళ్లు కూడా లేరు.

ఆ నోటుబుక్కుకు నీలిరంగు అట్ట. మీద "పాలంపేట యాత్ర" అని సారు చేతిరాత. మేం పరీక్షలు రాసి బయటపడేనాటికి అది తొమ్మిదో తరగతి వాళ్ల దగ్గర ఉంది. ఆ తర్వాతి బ్యాచుల వాళ్లూ అందులో పేజీలు కలిపారని విన్నాను. సారు లేరు, వాళ్లింట్లో అడిగితే లేదన్నారు. ఎవరి అటక మీదనైనా, పాత ట్రంకు పెట్టెలోనైనా ఉంటే స్వర్ణోత్సవ సభ నాటికి సంఘం గదిలో ఇవ్వండి. పేజీలు ఊడి ఉన్నా ఫరవాలేదు.