గడిలో ఇమడని తల్లి పేరు

మా ఇంటి వంశవృక్షం గీయాలని కమ్మర్‌పల్లిలో ఒక వేసవి సెలవంతా కూర్చున్నాను. పాత పహాణీలు, భూమి కాగితాలు ముందేసుకుంటే మగవాళ్ల పేర్లు ఐదు తరాల దాకా తేలికగానే దొరికాయి. పట్టాదారు పేరు, పక్కన తండ్రి పేరు. ఆ తండ్రిని పట్టుకుంటే అతని తండ్రి. నిచ్చెన ఎక్కినట్లే సాగింది. మా ముత్తవ్వ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిచ్చెన మెట్టు ఊడిపోయింది. ఆమెను అందరూ "వేల్పూరామె" అనేవారట. పుట్టినూరు వేల్పూరు కనుక. కోడలిగా వచ్చినది మొదలు కాటికి పోయేదాకా ఆమెకు ఊరి పేరే పేరు.

ఆ విసుగులో ఉన్నప్పుడే హైదరాబాదు రెసిడెన్సీలో పుట్టి ఇంగ్లండులో గిట్టిన ఒక స్త్రీ కథ జ్ఞాపకం వచ్చింది. ఆమె వంశవృక్షం మా దానికన్న చిక్కుముడి. కాగితాలు మాత్రం మాకన్న ఎంతో ఎక్కువ. అయినా ఊడిన మెట్టు అక్కడా అదే.

జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. ఈనాడు కోఠిలో మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఆ భవనాన్ని కట్టించినది ఆయనే. హైదరాబాదు కులీన వంశానికి చెందిన ఖైరున్నీసాను ఆయన ముస్లిం పద్ధతిలో పెండ్లాడాడు. 1801లో కొడుకు సాహిబ్ ఆలం, 1802లో కూతురు సాహిబ్ బేగం పుట్టారు. 1805లో నాలుగేండ్లు, మూడేండ్లు నిండిన ఆ పసివాళ్లను మద్రాసులో ఓడ ఎక్కించారు. అదే ఏడు అక్టోబరులో తండ్రి కలకత్తాలో మరణించాడు. తల్లి 1813లో కన్నుమూసింది. బిడ్డలను మళ్లీ చూడలేదు.

1806 మార్చి 25న లండన్‌లోని సెయింట్ మేరీ చర్చిలో పిల్లలకు జ్ఞానస్నానం చేయించారు. సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. సాహిబ్ బేగం కాథరిన్ అరోరా అయింది. ఇంటి పేరు కిట్టీ. వంశావళి వెదికేవాడికి మొదటి గోడ ఇక్కడే తగులుతుంది. ఒకే మనిషి రెండు భాషల్లో, రెండు మతాల్లో, రెండు పేర్లతో ఉన్నది. ఈ పేరు ఆ పేరే అని తెలియకపోతే వృక్షం అక్కడే విరిగిపోతుంది.

రెండవ చిక్కు పేర్ల పునరుక్తి. జేమ్స్ తండ్రి పేరూ జేమ్సే. జేమ్స్ సవతి అన్న విలియం, కొడుకూ విలియమే. పెద్ద విలియం 1754లో వివాహబంధం వెలుపల పుట్టినవాడు. ఆయన కూతుళ్లలో ఒకరు బుల్లర్ కుటుంబంలోకి, ఒకరు స్ట్రేచీ కుటుంబంలోకి కోడళ్లుగా వెళ్లారు. కిట్టీ ఈ పెదనాన్న కూతుళ్ల నీడలో పెరిగింది. బుల్లర్ల పిల్లలకు చదువు చెప్పిన థామస్ కార్లైల్ ఆమెను చూసింది ఈ చుట్టరికం వల్లనే. ఆయన 'సార్టర్ రిసార్టస్'లోని బ్లూమినె పాత్రకు మూలం ఆమేనని పలువురి అభిప్రాయం. స్ట్రేచీ ఇంటి కోడలు జూలియాకు మనుమడు లిటన్ స్ట్రేచీ. విక్టోరియా యుగపు పెద్దల డాంబికాన్ని 1918లో ఎండగట్టిన రచయిత ఆయనే.

1829 నవంబరులో కిట్టీ, కెప్టెన్ జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్‌ను పెండ్లాడింది. ఏడుగురు పిల్లలు పుడితే నలుగురు బతికారు. ఇంగ్లండులో ప్రభుత్వ వివాహ నమోదు 1837 జూలైలో మొదలయింది. అంతకు ముందు చర్చి పుస్తకమే ఆధారం. 1754 నుంచి వాడుకలో ఉన్న ఆ పద్ధతిలో వధూవరుల పేర్లు, సాక్షుల సంతకాలు ఉంటాయి, తల్లిదండ్రుల ఊసే ఉండదు. 1837 తరువాతి పత్రాల్లో తండ్రి పేరుకు, వృత్తికి గడి వచ్చింది. తల్లి పేరుకు గడి రావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది!

జనగణన సంగతీ చూడండి. 1841 లెక్కల్లో పదిహేనేండ్లు దాటినవారి వయసును సాధారణంగా ఐదేండ్ల మెట్టుకు తగ్గించి రాసేవారు. ముప్పై తొమ్మిదేండ్ల మనిషి ముప్పై ఐదేండ్లదిగా కనబడుతుంది. జన్మస్థలం గడిలో ఊరు లేదు. అదే కౌంటీలో పుట్టారా, లేదా అన్నదే ప్రశ్న. ఇంటి యజమానితో సంబంధం, పుట్టిన ఊరు 1851 నుంచి మాత్రమే అడిగారు. ఇంత వివరంలోనూ ఖైరున్నీసా అన్న పేరు రాయవలసిన చోటు ఎక్కడా లేదు. నిజాం రాజ్యంలో తొలి జనగణన 1881లో జరిగింది. తలలు లెక్కకు వచ్చాయి గాని, మనిషి మనిషినీ పేరుతో వెదకడానికి మనకా సదుపాయం మిగలలేదు.

మరి కిట్టీకి తల్లి ఎట్లా దొరికింది? ఒక చిత్రం, ఒక అమ్మమ్మ. ఓడ ఎక్కక ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ ఆ పిల్లలిద్దరి చిత్రం గీశాడు. అది ఒకప్పటి రెసిడెంటు హెన్రీ రస్సెల్ ఇంటికి చేరింది. ఏండ్ల తరువాత ఆ ఇంటికి వెళ్లిన కిట్టీ గోడ మీద తననూ, అన్ననూ చూసుకొని ఏడ్చింది. అన్న అప్పటికే, 1828లోనే, పోయాడు. 1841లో హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మ మాట పారసీలో, మనుమరాలి మాట ఇంగ్లీషులో, నడుమ అనువాదకులు. 1847లో ముసలామె పోయేదాకా ఆరేండ్లు ఆ తీగ తెగలేదు. ఒకరినొకరు చూసుకోలేదు. విడిపోయిన నాటి తల్లి ఏడుపును మూడేండ్ల పసితనం నుంచి మోసుకొచ్చిన కిట్టీ, 1889లో టార్కీలో మరణించింది.

రిజిస్టర్లన్నీ ఒక ఎత్తు, ఆ ముసలామె జ్ఞాపకం ఒక ఎత్తు. మన పల్లెల్లోనూ పిచ్చకుంట్లవారు రెడ్ల ఇంటిపేర్లు, గోత్రాలు నోటనే నిలిపేవారు. సర్కారు వారిని వంశరాజులన్నది అందుకే కాబోలు. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు పోయినవాళ్ల పేర్లు తలుచుకుంటాం. ఆ రోజు పేరు మరిచిపోతే బియ్యం ఎవరి పేర ఇవ్వాలి?

ఈ ప్రశ్నతోనే మా మేనత్త దగ్గరికి పోయాను. ఎనభై దాటిన మనిషి. ఆమె రేషను కార్డులో ఒక పేరు, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. ఎందుకట్లా అని ఏనాడూ అడగలేదు. వేల్పూరామె పేరేమిటని అడిగితే బోసినోటితో నవ్వింది.

"మా ముసలవ్వ పేరే నాకు పెట్టిండ్రు బిడ్డా. గందుకే మా బాపు నన్ను ఎన్నడు పేరు వెట్టి తిట్టలే."

తల్లి పేరు కూతురికి పెట్టుకున్న మా తాత, ఆ పేరు మీద నోరు చేసుకోలేకపోయాడు. యాభై ఏండ్లుగా నేను పిలుస్తున్న పేరులోనే మా ముత్తవ్వ ఉన్నది, ఏ పహాణీలోనూ కాదు. ఆ సాయంత్రమే వృక్షంలో ఖాళీగా ఉన్న చోట రాసుకున్నాను.

మిత్రులారా, మీ ఇంట్లో ముసలివాళ్లుంటే భూమి కాగితాల కన్న ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. కాగితాలు ఆగుతాయి. వాళ్లు ఆగరు.