మారియన్ డోహర్టీ వెతికి పట్టిన ముఖాలు

1969లో వచ్చిన ‘మిడ్‌నైట్ కౌబాయ్’ మరుసటి ఏడాది ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. దర్శకుడు జాన్ ష్లెసింజర్‌కి, స్క్రీన్‌ప్లే రాసిన వాల్డో సాల్ట్‌కి కూడా బహుమతులు దక్కాయి. ప్రధాన పాత్రలు వేసిన డస్టిన్ హాఫ్‌మన్, జాన్ వాయిట్ ఇద్దరూ ఉత్తమ నటుడి పోటీలో నిలిచారు. ఆ సినిమాకి నటుల్ని ఎంచిన మారియన్ డోహర్టీ పేరు మాత్రం టైటిల్స్‌లో ఎక్కడా కనిపించదు. ప్రధాన పాత్రల్లో ఒకటైన జో బక్‌కి జాన్ వాయిట్ తప్ప మరొకరు వద్దని పట్టుబట్టిన మనిషి ఆమె.

మారియన్ 1923లో పెన్సిల్వేనియాలోని హాలిడేస్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. చదువయ్యాక న్యూయార్క్ చేరి, 1940ల చివర్లో ‘క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్’లో నటీనటుల ఎంపిక విభాగంలో సహాయకురాలిగా కుదిరింది. అప్పటి హాలీవుడ్ పద్ధతి వేరు. నటులు స్టూడియోల జీతగాళ్లు. మన మద్రాసులో విజయా సంస్థ ఎన్టీ రామారావుని నెలజీతం మీద పెట్టుకున్నట్టే, అక్కడి పెద్ద స్టూడియోలు వందలమందిని కాంట్రాక్టులో ఉంచుకునేవి. పాత్ర రాగానే జాబితా తీసి, పోలీసంటే ఇతను, పనిమనిషంటే ఈమె అని అప్పజెప్పేవారు. ముఖం ఏ రకమో చూసేవారు కానీ, ఆ ముఖం వెనక ఏముందో వెతికే తీరిక ఎవరికీ లేదు.

న్యూయార్క్ టెలివిజన్‌కి ఆ జాబితా లేదు. క్రాఫ్ట్ వాళ్లు వారానికో గంట నాటకం ప్రత్యక్ష ప్రసారం చేసేవారు. ఎవరైనా డైలాగ్ మరిచిపోతే దేశమంతా చూస్తుంది. స్టార్లను తెచ్చుకునే డబ్బు లేదు. అందుకే మారియన్ సాయంత్రాలు చిన్నచిన్న నాటకశాలల్లో గడిపేది. తనకి నచ్చినవాళ్ల గురించి కార్డుల మీద రెండు మూడు ముక్కలు రాసిపెట్టుకునేది. ఎవరికి ఏది చేతనవును, ఎవరి గొంతు ఎలా ఉంది, ఎవరిని మళ్లీ చూడాలి అని. 1953లో క్రాఫ్ట్ వాళ్లు ప్రసారం చేసిన, రాడ్ సెర్లింగ్ రాసిన ‘ఎ లాంగ్ టైమ్ టిల్ డాన్’ నాటకంలో ప్రధాన పాత్ర వేసింది జేమ్స్ డీన్. హాలీవుడ్‌లో అతను ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’తో హీరో కావడానికి ఇంకా ఏడాదికి పైగా సమయం ఉంది.

1958లో మొదలైన ‘నేకెడ్ సిటీ’ ఆమెకి అసలైన బడి అయింది. న్యూయార్క్ వీధుల్లోనే తీసిన పోలీసు కథలు. ప్రతి వారం కొత్త నేరస్థుడు, కొత్త బాధితుడు, కొత్త సాక్షి కావాలి. రాబర్ట్ డువాల్, డస్టిన్ హాఫ్‌మన్, రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, క్రిస్టఫర్ వాకెన్ అంతా పేరు రాకముందు ఆ ధారావాహికలో కనిపించినవాళ్లే. వెంటనే వచ్చిన ‘రూట్ 66’కీ నటుల్ని ఆమే ఎంచింది. అచ్చుపోసిన అందగాళ్లు కాకుండా, ముక్కు వంకరైనా పొట్టివాళ్లయినా బజార్లో ఎదురయ్యే మనుషుల్లా ఉండేవాళ్లు తర్వాతి దశాబ్దంలో అమెరికన్ తెరని ఏలారంటే, ఆ తలుపు తీసినవాళ్లలో మారియన్ ముందుంటుంది.

జాన్ వాయిట్ కథ ఇక్కడే మొదలవుతుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడు ‘నేకెడ్ సిటీ’లో అతనికి మారియన్ ఒక పాత్ర ఇప్పించింది. అతను సరిగా చేయలేకపోయాడు. ఆ సంగతి అతనికీ తెలుసు, సిగ్గుతో కుంగిపోయాడు. అలాంటి నటుడిని ఎవరైనా మళ్లీ పిలుస్తారా? కొన్నేళ్ల తర్వాత ‘మిడ్‌నైట్ కౌబాయ్’కి నటుల్ని వెతుకుతూ మారియన్ అతన్నే పిలిచింది. ష్లెసింజర్ మనసు మైకేల్ సరాజిన్ మీద ఉంది. సరాజిన్ వేరే స్టూడియో కాంట్రాక్టులో ఉండటంతో బేరం తెగలేదు. చివరికి పాత్ర వాయిట్‌కి వచ్చింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రోజుల్ని తలుచుకుని అతను కెమెరా ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. నా దృష్టిలో మారియన్ గొప్పతనమంతా ఈ ఒక్క ఉదంతంలో ఉంది. బాగా చేసినవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారు. తప్పిపోయినవాడిలో ఏదో ఉందని గుర్తుపట్టి, ఏళ్ల తరబడి మరిచిపోకుండా ఉండటానికి వేరే కన్ను కావాలి.

1960లలో ఆమె మాన్‌హాటన్‌లో ఓ పాత ఇంట్లో సొంత సంస్థ పెట్టుకుంది. అక్కడ పనిచేసినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. కార్యదర్శిగా చేరిన జూలియట్ టేలర్ తర్వాత వుడీ అలెన్ సినిమాలకి దశాబ్దాలపాటు నటుల్ని ఎంచింది. దర్శకుల దగ్గరికి నటుల గుంపుని తోలడం మారియన్ పద్ధతి కాదు. ముందే జల్లెడ పట్టి, పాత్రకి నప్పే కొద్దిమందినే తీసుకెళ్లేది. ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ (1972)లో దర్శకుడు జార్జ్ రాయ్ హిల్ టైటిల్స్‌లో ఆమె పేరుని విడిగా ఒక కార్డు మీద వేశాడు. ఆ రోజుల్లో అది చిన్న మర్యాద కాదు.

ఆ తర్వాత పారమౌంట్‌లో కొన్నేళ్లు, వార్నర్ బ్రదర్స్‌లో సుమారు ఇరవై ఏళ్లు నటుల ఎంపిక విభాగానికి ఆమే పెద్ద. ‘లీథల్ వెపన్’ (1987)లో మెల్ గిబ్సన్ పక్కన రెండో పోలీసుగా డానీ గ్లోవర్ పేరు చెప్పింది. అతను నల్లవాడు కదా అన్నది దర్శకుడు రిచర్డ్ డానర్‌కి తోచిన మొదటి మాట. అయితే ఏమిటన్నది ఆమె జవాబు. తన మనసులో తెలియకుండానే ఒక గోడ ఉందని ఆ క్షణంలో అర్థమైందని డానర్ తర్వాత నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఆ జంటతో మరో మూడు సినిమాలు వచ్చాయి.

1991లో ఆమెకి ప్రత్యేక ఆస్కార్ ఇవ్వాలని వుడీ అలెన్, క్లింట్ ఈస్ట్‌వుడ్, అల్ పచీనో వంటివారు అకాడమీకి ఉత్తరాలు రాశారు. అకాడమీ ఇవ్వలేదు. నటుల ఎంపికలో ఆఖరి మాట దర్శకుడిదే, కాబట్టి ఈ పనికి వేరే గుర్తింపు అక్కర్లేదన్న వాదన హాలీవుడ్‌లో చాలాకాలం నడిచింది. ఈ వాదన నిలవదు. కెమెరా ఎక్కడ పెట్టాలన్నా, ఎక్కడ కత్తిరించాలన్నా ఆఖరి మాట దర్శకుడిదే. అయినా ఛాయాగ్రాహకులకి 1929లో జరిగిన తొలి వేడుక నుంచే ఆస్కార్ ఉంది. నటుల్ని ఎంచేవాళ్లలో అధికశాతం స్త్రీలు. వాళ్ల పనిని ఫోన్లు చేసే, కాగితాలు సర్దే గుమస్తా పనిగా చూడటమే అసలు కారణమని నేను నమ్ముతాను.

మారియన్ 2011 డిసెంబరులో, 88 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూసింది. ఆమె కథ కేంద్రంగా టామ్ డొనాహ్యూ తీసిన ‘కాస్టింగ్ బై’ డాక్యుమెంటరీ 2012లో వచ్చింది. 2013లో అకాడమీ ఈ వృత్తికి విడిగా ఒక శాఖ ఏర్పరిచింది. 2016లో ఇదే వృత్తికి చెందిన లిన్ స్టాల్‌మాస్టర్‌కి, 2024లో జూలియట్ టేలర్‌కి గౌరవ ఆస్కార్లు అందాయి. 2025లో విడుదలైన చిత్రాలతో మొదలుపెట్టి నటుల ఎంపికకి కూడా ఏటా పోటీ బహుమతి ఇవ్వాలని నిర్ణయమైంది. ఈ ద్వారాలు తెరుచుకోవడానికి అందరికంటే ఎక్కువ పాటుపడిన మారియన్‌కి మాత్రం ఆస్కార్ దక్కలేదు. మరణానంతరమైనా ఆమెకి గౌరవ పురస్కారం ప్రకటించి, అకాడమీ 1991 నాటి తప్పుని సరిదిద్దుకోవాలి.