నాన్నగారి స్టీరియో అమ్మాలా, వద్దా?

మొన్న ఉక్కునగరంలో ఇల్లు సర్దుతుంటే నాన్నగారి జపాన్ క్యాసెట్ స్టీరియో బయటపడింది. పాత సామాన్ల వాడు 500 ఇస్తానన్నాడు. ఇచ్చేద్దామా అంటే నాన్న ఏమీ మాట్లాడలేదు.

ఇంతకీ దీని విలువెంత? 1988లో ఓడ మీద పనిచేసే ఒకాయన దగ్గర రెండు నెలల జీతం పోసి కొన్నారట. 1991 ఆర్థిక సంస్కరణలకి ముందు విదేశీ ఎలక్ట్రానిక్స్ మీద సుంకాలు చుక్కలు చూపించేవి. అందుకే పోర్టున్న మన ఊళ్ళో ఓడవాళ్ళతో పరిచయమంటే అదో హోదా!

ఇంకాస్త వెనక్కెళితే, రేడియో పెట్టుకోవాలన్నా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిందే. విశాఖ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1963 ఆగస్టు 4న. ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ని లోకానికి చూపించిందీ ఆ నెలలోనే. రేడియో వేసినప్పుడే పాట వినే మనిషికి, తనకి నచ్చినప్పుడు వినే వీలు దాంతో దొరికింది.

సరే, విప్పి చూశాను. బెల్టు జిగురైపోయింది, స్పీకర్ చుట్టూ ఫోమ్ పొడిపొడి, ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు. ఆంప్లిఫయర్ మాత్రం భేషుగ్గా ఉంది. ఇలాగే ఇస్తే తుక్కు ధర. బాగుచేస్తే సరదాపడి కొనేవాళ్ళున్నారు.

బెల్టు, ఫోమ్ మార్చాను. నాన్న క్యాసెట్ పెట్టి, పాటయ్యేదాకా నిలబడే విన్నారు.

"ఇప్పుడు అమ్ముకోరా, పాడుతోందిగా" అన్నారు.

ఆయన బాధ అమ్మడం గురించి కాదన్నమాట, తుక్కులో కలవడం గురించి. ఇప్పుడు సమస్యల్లా నాదే. ప్రకటన రాసిపెట్టి వారమైంది, ఇంకా బటన్ నొక్కలేదు!