ఊపిరి కొలతలో రక్తనాళాల జాడ

1846లో లండన్ వైద్యుడు జాన్ హచిన్‌సన్ స్పైరోమీటరుతో రెండు వేలమందికి పైగా ఊపిరిని కొలిచిన ఫలితాలు వెలువరించాడు. గాలి ఎంత పడుతుందో తెలిసింది. నెత్తురులోకి ఎంత చేరుతుందో తెలియలేదు. ఊపిరితిత్తుల ధమనుల్లో అధిక రక్తపోటును పసిగట్టే దారి నిజానికి తెరిచింది, నా దృష్టిలో, డెన్మార్క్ శాస్త్రవేత్త మేరీ క్రోగ్. 1915లో ఆమె ప్రచురించిన పద్ధతిలో, రవ్వంత కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని పీల్చి, బిగబట్టి వదిలితే, రక్తంలోకి ఎంత దాటిందో తేలేది. సన్నని నాళాలు మూసుకుపోతే ఈ అంకె పడిపోతుంది. గాలి పరిమాణం మామూలుగానే ఉండవచ్చు.

రక్తహీనతలోనూ, ఊపిరితిత్తుల గాలి గదులు దెబ్బతినే ఎంఫిసీమాలోనూ ఈ అంకె తగ్గుతుంది కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఈ అంకె ఒక్కదానితోనే తేల్చరు. చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా రోగుల్లో గాలి పరిమాణానికీ ఈ అంకెకూ ఉన్న నిష్పత్తిని చూస్తారు. ఆ రోగుల్లో ఊపిరితిత్తుల ధమనుల అధిక రక్తపోటును వెతికే 2014 నాటి డిటెక్ట్ పద్ధతిలో అదొక అంశం. ఈ అధిక రక్తపోటును నిర్ధారించేది మాత్రం గుండె కుడివైపుకు గొట్టం పంపి చేసే పరీక్షే. ఎవరిని అక్కడికి త్వరగా పంపాలో ఈ కొలత చూపుతుంది.