కుక్క గిన్నెలోకి రాయి ఎందుకొచ్చింది?

ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. గిన్నె కింద పెట్టి మనం నడుం ఎత్తేలోపే అది ఖాళీ. ఆ తర్వాత మన మొహంలోకి చూస్తుంది, అసలు ఏమీ పెట్టనట్టు! మనం నవ్వుకుంటాం, వీడియో కూడా తీసుకుంటాం. ఆ తొందర ఎక్కడిది, దాన్ని తగ్గించడానికి మనుషులు ఏం చేశారు అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. గబగబా మింగడం కుక్క తప్పు కాదు. దాని దవడ పైకీ కిందికీ ఆడుతుందే గానీ, ఆవులాగా పక్కలకు తిప్పి నమలదు. దాని చుట్టం తోడేలైతే వేట దొరికిన రోజు ఒక్క పూటలో తొమ్మిది కిలోల దాకా మాంసం లాగించగలదు. గుంపులో నిదానంగా తింటే మిగిలేది ఎముకలే కదా. కాకపోతే ఆ తోడేలు తోలు చీల్చాలి, కండ పీకాలి, ఎముక కొరకాలి. మింగడం వేగమే, కానీ మింగేలోపు బోలెడు పని ఉంటుంది. ఈ 'పని' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఈ బాధ కుక్కలవాళ్ల కంటే గుర్రాలవాళ్లకి బాగా తెలుసు. గుర్రం గింజల్ని నమలకుండా మింగితే గొంతులో అడ్డుపడుతుంది, లేదా కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదికొస్తుంది. బండి తోలి బతికేవాడికి గుర్రం పోతే ఇల్లు గడవదు. అందుకని 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఓట్సులో సన్నగా తరిగిన ఎండుగడ్డి కలిపి పెట్టేవాళ్లు. మరీ ఆత్రంగా తినే గుర్రానికైతే తొట్టెలో పెద్ద పెద్ద నున్నటి రాళ్లు వేసేవాళ్లు. అది మూతితో రాళ్లని పక్కకు నెట్టుకుంటూ, సందుల్లో గింజలు ఏరుకుంటూ తినాలి. అంతే, ఇంకే యంత్రమూ లేదు. మన దగ్గర గుర్రాలకీ ఎద్దులకీ ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాళ్లు. ఇంగ్లీషువాళ్లు ఉలవలకు పెట్టిన పేరులోనే గుర్రం ఉంది. ఆ ఉడికిన నీళ్లు మనకు ఉలవచారు అయ్యాయి, అది వేరే ఎపిసోడ్.

సరే, కుక్క దగ్గరకొద్దాం. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్ తయారుచేసి అమ్మాడు. ఓడ నావికులు పారేసిన గట్టి బిస్కెట్లని రేవులో కుక్కలు తినడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. అది రాయిలాంటి బిస్కెట్, కొరికి తినాల్సిందే. తర్వాత 1922లో అమెరికాలో కెన్-ఎల్ రేషన్ పేరుతో డబ్బా మాంసం వచ్చింది, గుర్రపు మాంసం. మెత్తగా ఉంటుంది, నాకితే చాలు. రెండో ప్రపంచయుద్ధంలో తగరానికి కరువొచ్చి డబ్బాలు ఆగాయి, మళ్లీ పొడి తిండి వచ్చింది. 1957లో ప్యూరినా కంపెనీ పిండి ముద్దని వేడితో, ఒత్తిడితో యంత్రంలోంచి తోసి, మరమరాల్లా పొంగించి అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ మనం సంచుల్లో కొనే గింజలు ఆ దారిలో వచ్చినవే. చిన్నవి, పైన కొవ్వు పూత ఉన్నవి, కొరికే అవసరం లేనివి. అంటే ఒక వందేళ్లలో కుక్క తిండిలోంచి పని మొత్తం తీసేశాం. మనకు సౌకర్యం, దానికి నాలుగు గుటకలు.

దీంతో వచ్చే చిక్కు ఎంత పెద్దది? చాలా కుక్కలకు మహా అయితే వాంతి. కానీ ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతుల్లో, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటివాటిలో, కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోయే జబ్బు ఒకటుంది. రక్తం ఆగిపోతుంది, గంటల్లో ఆపరేషన్ చేయకపోతే కుక్క దక్కదు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంవాళ్లు 11 జాతులకు చెందిన 1,600కు పైగా కుక్కల్ని కొన్నేళ్లు గమనించి 2000లో ఫలితాలు చెప్పారు. వేగంగా తినే కుక్కలకు ఈ ముప్పు ఎక్కువని తేలింది. దాంతోపాటు ఇంకోటి కూడా తేలింది. అప్పటిదాకా గిన్నెని స్టాండు మీద ఎత్తులో పెడితే గాలి తక్కువ మింగుతుందని సలహా ఇచ్చేవాళ్లు. లెక్క చూస్తే ఎత్తు గిన్నెతో తినే కుక్కల్లోనే జబ్బు ఎక్కువ! మంచి ఉద్దేశంతో చెప్పిన సలహా ఎన్ని ఇళ్లలో బెడిసికొట్టిందో. ఆ స్టాండ్లు ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు, నాకు అదే ఆశ్చర్యం. ఇది వేగం ఒక్కదాని వల్లే వచ్చే జబ్బు కాదు లెండి. వయసు, వంశం కూడా ఉన్నాయి. కానీ వంశాన్ని మనం మార్చలేం, గిన్నెని మార్చగలం.

మరి పని పెడితే జంతువుకి కష్టం కాదా అంటారేమో. 1963లో గ్లెన్ జెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల ముందు ఒక పక్క ఊరికే తిండి పెట్టి, ఇంకో పక్క మీట నొక్కితే వచ్చే తిండి పెట్టాడు. ఊరికే వచ్చేది ఎదురుగా ఉన్నా చాలా ఎలుకలు మీట దగ్గరకు వెళ్లాయి. 1970ల్లో కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన కుక్క ఫ్రిట్జ్ రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకుంటుంటే, వ్యాను రబ్బరు ముక్క ఒకటి దానికి తెగ నచ్చింది. అందులోంచే కాంగ్ అనే బోలు బొమ్మ పుట్టింది. ఇప్పుడు దాంట్లో తిండి కూరి ఇస్తున్నాం.

మెలికల గిన్నెలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. కొనకపోయినా పర్లేదు. ఇడ్లీ రేకు గుంటల్లో గింజలు చల్లండి. పెరుగన్నమైతే వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరవండి. రాయి పెడితే అది నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండాలి. రెండు కుక్కలుంటే వేరే వేరే గదుల్లో పెట్టండి, పోటీ తగ్గుతుంది. తిన్న తర్వాత పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాక, అటూ ఇటూ తిరుగుతుంటే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఆ రాత్రే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

పిల్లులకు కూడా ఇదే పనికొస్తుందా? 2021లో కాలిఫోర్నియాలో 17 పిల్లులతో చూశారు. ఎక్కువ భాగం ఊరికే పెట్టిన పళ్లెంలోదే తిన్నాయి. పిల్లి కదా మరి. ఉంటాను.